బాగుందమ్మ కొలతమడి

మా నాన్నమ్మకు రెండు పేర్లు. ఒకటి గుర్తింపు కార్డులో ఉంది. దాన్ని వాడేది బ్యాంకువాళ్లు, ఓట్లప్పుడు జాబితా చదివేవాళ్లు. రెండోది బాగుందమ్మ. దీన్ని ఊరంతా వాడుతుంది.

"పంట ఎలా ఉంది?" అని ఎవరు, ఎప్పుడు అడిగినా ఆమె నోట వచ్చే మాట ఒకటే: "బాగుంది." వడగళ్లు పడి ఆకులు జల్లెడైపోయిన ఏడు కూడా బాగుంది. పురుగు పడి మొవ్వులన్నీ మాడిపోయిన ఏడు కూడా బాగుంది. ఒకసారి గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే మంచం మీద మోసుకొస్తున్నారట. దారిలో ఎవరో అలవాటుగా అడిగారట. మంచం మీద నుంచే తల ఎత్తి, "బాగుంది" అని, మళ్లీ పడుకుని మూలగడం మొదలుపెట్టిందట.

పొలానికి వెళ్లేముందు తల దువ్వుకునే మనిషిని ఈమెను తప్ప నేనెవరినీ చూడలేదు. నీళ్లతో తడిపి మరీ దువ్వుతుంది. ఉతికిన తలగుడ్డ కడుతుంది. "మొక్కజొన్న నిన్ను చూడ్డానికి వరసకట్టి నిలబడలేదు నాన్నమ్మా" అంటే, "రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తారే పిచ్చిదానా" అంటుంది. ఆ రోడ్డు మీద పోయేవి రోజుకు రెండు బస్సులు, ఒక పాలవ్యాను. బస్సు డ్రైవరు కోసం మా గట్లు కూడా చీపురుతో ఊడ్చినట్టు ఉండాలి.

ఆ "బాగుంది" ఎక్కడ పుట్టిందో ఒకసారి తనే చెప్పింది. తాత పోయేనాటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. చేతిలో ఇద్దరు పిల్లలు, మూడెకరాల మెట్ట. పక్కనే ముప్పై ఎకరాల ఆసామి ఒకాయన ఉండేవాడు. వారానికోసారి వచ్చి గట్టు మీద నిలబడి, "పంట ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడట.

"గొంతులో ఎంత జాలి కారేదో! జేబులో మాత్రం పొలం కొనే కాగితం ఉండేది. బాగాలేదు అన్నాననుకో, ఆ కాగితం బయటికొస్తుంది. అందుకని బాగుంది అన్నాను. మళ్లీ వారం వచ్చాడు. మళ్లీ బాగుంది. ఆరేళ్లు తిరిగాడే! ఏడో ఏడు అతనికే విసుగొచ్చింది."

ఆసామి పోయాడు. పొలం మిగిలింది. మాట ఆమె నోటికి అతుక్కుపోయింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది సగమే తెలుస్తుంది. మార్కెట్ యార్డులో వ్యాపారి బస్తాలోకి మొనదేలిన ఇనుప గొట్టం గుచ్చుతాడు. గొట్టంలోకి పిడికెడు గింజలొస్తాయి. ఆ పిడికెడు చూసి బస్తా మొత్తానికి ధర చెబుతాడు. అది తెలిసిన కొందరు, గొట్టం దిగే చోట మేలైన గింజలు పోసి, అడుగున పుచ్చులూ పొల్లూ నింపుతారు. అలాంటివాళ్లంటే నాన్నమ్మకు ఒళ్లు మంట. తన బస్తా అయితే తనే తలకిందులు చేసి, "అడుగున గుచ్చు నాయనా" అంటుంది.

మా రేడియో బాబాయి ఇరవయ్యేళ్ల వయసులో ఒకసారి ఆ పని చేసి ఆమె కంట్లో పడ్డాడు. యార్డులో నలుగురి మధ్య అతని బస్తా ఎత్తి నేల మీద కుమ్మరించి, "ఒరేయ్, మొహం కడుక్కుని కాళ్లు కడుక్కోవడం మరిచిపోయావేంట్రా!" అందట. బాబాయి రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. రేడియో అన్న పేరు ఊరికే రాలేదు, నిద్ర లేచింది మొదలు ఆ నోటికి విరామం ఉండదు. ఆ రెండేళ్లే మా ఇంట్లో ప్రశాంతంగా గడిచిన రోజులని నాన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

బాబాయికి సొంత పొలం లేదు. మా పొలం పక్క ఐదెకరాలు కౌలుకు చేస్తాడు. వరసకు నాన్నమ్మ అతనికి పిన్ని. ఇక నేను. మా నాన్న లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, అమ్మ కుట్టు ఫ్యాక్టరీకి వెళ్తుంది. పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పి బడి మానేశాక, నేను నాన్నమ్మకూ పొలానికీ మధ్య సైకిలు తొక్కే ఉద్యోగంలో కుదిరాను.

ఇది మూడేళ్ల కిందటి మాట. విత్తనం వేసేటప్పుడు వాన బాగానే పడింది. మొక్కజొన్న నడుమెత్తు లేచింది. తీరా కంకికి పీచు తొడిగే వేళకు వాన మొహం చాటేసింది. ఆకులు సన్నగా చుట్టుకుని గొట్టాలైపోయాయి. మా మెట్టకు వాన తప్ప మరో నీరు లేదు. మూడు కిలోమీటర్ల దిగువన కాలువ నిండుగానే పారుతుంది. దాన్నుంచి మోటార్లు పెట్టి మెట్టకు నీళ్లెక్కించండి అని ఊరు యాభై ఏళ్లుగా అర్జీలు పెడుతోంది. మొదటి అర్జీ మీద తాత సంతకం ఉందంటారు.

పంట పోయిందని ఊరంతా గోలపెడితే సర్కారు నమ్మదు. కొలవాలి. దానికో పద్ధతుంది. ఊళ్లో నాలుగు పొలాలను కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. ఒక్కో పొలంలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, అంటే మా ముందుగది అంత చోట మేకులు కొట్టి తాడు కడతారు. దాని పేరు కొలతమడి. కోతల వేళ ఆ మడిలో పంట కోసి, ఒలిచి, గింజలు తూస్తారు. మామూలు ఏడు మడికి పదిహేను కిలోలు రావాలి. నాలుగు మళ్ల సగటు అందులో సగం కూడా రాకపోతే ఊరు మొత్తం నష్టపోయిన ఊళ్ల జాబితాలోకి ఎక్కుతుంది. అందరికీ బీమా వస్తుంది, వచ్చే పంటకు విత్తనం ఊరికే ఇస్తారు. సగం దాటితే ఏమీ లేదు.

ఆ ఏడు కంప్యూటరుకు మా మూడెకరాలు కనబడ్డాయి.

కొలవడానికి వచ్చినాయన్ని అందరూ టేపు సారు అంటారు. యాభై దాటిన మనిషి, కుడి మోకాలు నొప్పి. భుజాన సంచీ, అందులో టేపు, నాలుగు మేకులు, తాడు.

"ఏం సారూ, మీ కంప్యూటరుకు ఇంకెవరూ దొరకలేదా?" అంది నాన్నమ్మ.

"నన్నడిగితే ఏం లాభమమ్మా. అది నంబరు ఇచ్చింది, నేను వచ్చాను. పడమటి గట్టు నుంచి నలభై ఏడు అడుగులు, అక్కణ్నుంచి లోపలికి అరవై రెండు. అక్కడ ఏముంటే అది."

అడుగులు లెక్కపెడుతూ వెళ్లాడు. మధ్యలో నాన్నమ్మ కాలవ సంగతి ఎత్తేసరికి లెక్క తప్పి, మోకాలు పట్టుకుని మళ్లీ గట్టు దగ్గరికి వచ్చాడు. రెండోసారి ఆమె నోరు నేనే మూశాను. చివరికి ఆ అడుగులు వెళ్లి ఆగిన చోటు చూసి నాన్నమ్మ మొహం మాడిపోయింది. పొలం మొత్తంలో అంత అధ్వాన్నమైన చోటు ఇంకోటి లేదు. మోకాలెత్తు కలుపు. నాలుగైదు మొక్కలు గాలికి పడి ఉన్నాయి.

"సారూ, రెండడుగులు ఇటు జరపకూడదా?"

"అరంగుళం కూడా జరపకూడదు."

ఆయన మేకులు కొట్టి ఫోను తీశాడు.

"అయ్యో ఆగండి, ఫోటో తీయకండి, కలుపు ఉంది!"

"మేకులకేనమ్మా ఫోటో" అని తీసుకుని, ఫారం బయటపెట్టాడు. "పంట ఎలా ఉందమ్మా?"

"బాగుంది."

సారు చుట్టుకుపోయిన ఆకుల వంక చూశాడు, ఆమె వంక చూశాడు, పెన్ను మూతపెట్టాడు. "అది నేను కొలిచాకే రాస్తాలెండి. ఐదు వారాలకు వస్తాం. అందాకా ఈ తాడు లోపల మాత్రం కోయకండి."

అంతే చెప్పాడు. ఆయన చెప్పాల్సిన నిబంధనలు పన్నెండు ఉన్నాయని మాకు తర్వాత తెలిసింది. మోకాలి నొప్పితో ఒకటి చెప్పి, పదకొండు సంచీలోనే ఉంచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నాన్నమ్మ తాడు లోపల కూర్చుని కలుపు పీకుతోంది.

"పొలమంతా వదిలేసి ఇక్కడ పీకుతున్నావేంటి?"

"సర్కారువాళ్లు వచ్చి చూసే చోటు ఇదొక్కటే. ఇంటికి మనుషులొస్తారంటే ముందుగది ఊడవమా? ఇదీ అంతే."

ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. లెక్కలు రెండుసార్లు తప్పినదాన్ని, నాకెలా కనిపిస్తుంది?

కలుపు అయ్యాక పడిపోయిన మొక్కలకు పుల్లలు పాతి కట్టింది. ఆ తర్వాత మొక్కల మొదళ్లు చూసి, "దాహమేస్తోందే వీటికి" అంది. అక్కణ్నుంచి నా నడ్డి విరిగింది. రోడ్డు పక్క చేతిపంపు కొట్టి, ఇరవై లీటర్ల డబ్బాలు రెండు సైకిలుకు చెరోపక్క కట్టుకుని పొద్దున రెండు మార్లు, సాయంత్రం రెండు మార్లు. గట్టు దగ్గర నేను దింపితే, ఆమె చిన్న చెంబుతో మొక్కకింత అని మొదలు దగ్గర పోసేది. నూట నలభై మొక్కలు. ఏ మొక్కకు పోసిందో, ఏది మిగిలిందో ఆమెకు తెలుసు. నేను ఒక మొక్కకు రెండు చెంబులు పోస్తే, "దానికి పొద్దున పోశానే, పక్కది చూడు, అలిగి ఉంది" అనేది.

"మిగతా పొలానికి పోయవా మరి?"

"దానికి కాలవ కావాలి. దీనికి నీ సైకిలు చాలు."

పేడనీళ్లు కూడా పోసింది. మా ఆవుకు నాలుగు రోజులు ఆ సంగతే అర్థం కాలేదు. పేడ పడీపడగానే తట్ట పట్టుకుని వెనకాల ఈ ముసలావిడ!

ఐదు వారాలకు ఆ మడి ఏం లేచిందనుకున్నారు! చుట్టూ మూడెకరాలు గోధుమరంగు కాగితంలా గలగలలాడుతుంటే, నడిమధ్యన ముందుగదంత పచ్చటి తివాచీ పరిచినట్టు. కంకులు నా ముంజేతంత. నాన్నమ్మ సాయంత్రాలు తాడు పక్కన నిలబడి దాన్ని చూసుకుని మురిసిపోయేది. పొలం మధ్యలో ఉంది గనక రోడ్డు మీదికి కనబడదు. అదొక్కటే ఆమె బాధ. బస్సు డ్రైవరు చూడలేదే అని.

రేడియో బాబాయి కూడా చూడలేదు. తన ఐదెకరాలు ఎప్పుడో ఎండిపోయాయి. ఇటుక బట్టీలో పనికి వెళ్లి నెల రోజులు అక్కడే ఉన్నాడు. జాబితాలో ఊరి పేరు రాకపోతే కౌలు వదిలేసి, పెళ్లాన్ని తీసుకుని ఆ బట్టీకే వెళ్లిపోతానని వెళ్లేముందు చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు గాని, చెప్పిన తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రేడియో ఆగిపోతే భయమేస్తుంది.

సోమవారం మిగతా మూడు మళ్లూ కోశారు. మాది గురువారం. సోమవారం మధ్యాహ్నానికి బాబాయి బట్టీ నుంచి దిగాడు, చెవుల్లో ఇంకా ఇటుకదుమ్ము. గట్టు మీద నుంచే మొదలుపెట్టాడు.

"పిన్నీ, విన్నావా! ఒకదాంట్లో ఆరు, ఒకదాంట్లో ఏడు, ఒకదాంట్లో ఎనిమిది. మొత్తం ఇరవై ఒకటి! సగటు ఏడున్నర దాటకూడదు, అంటే నాలుగూ కలిపి ముప్పై. నీ మడిలో తొమ్మిది కిలోలకు లోపు వస్తే చాలు, ఊరు గట్టెక్కినట్టే. నీ పొలం చూస్తే ఐదు కూడా వచ్చేలా లేదు. ఎంత మంచి పొలమే నీది!"

నాన్నమ్మకు చివరి మాట నచ్చలేదు. "ఐదేంట్రా? పద్నాలుగుకు తక్కువ రాదు. కావాలంటే వచ్చి చూడు."

చేయి పట్టుకుని మరీ తీసుకెళ్లింది. ఎండాకులు తప్పించుకుంటూ వెళ్లి, తాడు దగ్గర నిలబెట్టి, "ఎలా ఉంది?" అంది.

బాబాయి ఆ పచ్చదనం చూశాడు. తాడు పక్కనే కూలబడ్డాడు.

"పిన్నీ... ఏం చేశావు పిన్నీ?"

"నీళ్లు పోశాను. కలుపు తీశాను. ఏం, తప్పా?"

"ఊరి పుట్టి ముంచావు."

ఆమెకు అర్థం కాలేదు. నాకు అప్పుడే కొద్దికొద్దిగా అర్థమవుతోంది. ఇరవై ఒకటీ, పద్నాలుగూ, ముప్పై ఐదు. మూడుసార్లు వేసుకున్నాను. జీవితంలో మొదటిసారి నా లెక్క మూడుసార్లూ ఒకేలా వచ్చింది.

"నా పొలంలో గదంత చోట నీళ్లు పోస్తే ఊరికేం నష్టంరా?" అని ఆమె ఇంకా వాదిస్తోంది.

బాబాయి తల ఎత్తాడు. "నన్ను యార్డులో బస్తా కుమ్మరించి తిట్టావు, గుర్తుందా?"

"మరిచిపోతానా?"

"ఈ మడి ఏంటనుకున్నావు? సర్కారు గుచ్చే గొట్టం పిన్నీ ఇది. బస్తా ఊరంత. గొట్టం దిగే చోట నువ్వు మేలు గింజలు పోశావు."

నాన్నమ్మ తాడు వంక చూసింది. మేకుల వంక చూసింది. తర్వాత మిగతా పొలం వంక చూసింది, ఐదు వారాల్లో మొదటిసారి. ఆమె మొహంలో రంగు మారడం నేను చూశాను. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ కట్టుకుంది.

నేను నోటికొచ్చిన పరాచికం ఏదో ఆడబోయి మింగేశాను.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

బాబాయికి దారి వెంటనే తట్టింది. "ఏముంది, ఆవును వదులుదాం. కట్టు తెంచుకుని వెళ్లి మేసిందని చెబుదాం. అదేం వచ్చి సాక్ష్యం చెబుతుందా?"

"వద్దు."

"పిన్నీ, మూడు రోజులే ఉంది!"

"ఎక్కువ గింజలు పెట్టి మోసం చేశాను, ఇప్పుడు తక్కువ పెట్టి చేయమంటావా? పైగా చేతులారా పెంచిన మొక్కలు. వాటి జోలికెళ్లావంటే ఈసారి బస్తా కాదు, నిన్నే కుమ్మరిస్తాను."

"మరి ఏం చేస్తావు?"

"చెబుతాను."

"ఏమని?"

ఆమె అప్పటికే గట్టు వైపు నడుస్తోంది. ఆ మూడు రోజులూ పొలానికి వెళ్లింది గాని, తల దువ్వుకోలేదు. "పంట ఎలా ఉంది?" అని పాలవ్యానువాడు అడిగితే వినపడనట్టు పోయింది. నీళ్లు మోయమని నన్ను పిలవలేదు. రెండో రోజు సాయంత్రం మాత్రం మడి దగ్గర నిలబడి, "దాహమేస్తోంది వీటికి" అని తనలో తను అనుకుంటుంటే విన్నాను.

గురువారం పది గంటలకు టేపు సారు వచ్చాడు. ఆయన వెంట పైఆఫీసు నుంచి కళ్లద్దాల మేడమ్ ఒకామె. సాక్షులుగా ఊరి రైతులు ఆరేడుగురు. నాన్నమ్మ ఆ రోజు తల దువ్వుకుంది. నున్నగా, నీళ్లు కారేలా.

మడి చూడగానే రైతులంతా గుసగుసలాడారు. టేపు సారు కొడవలి చేతిలో అలాగే ఉండిపోయింది. మేడమ్ కాగితం చూసుకుంటూ, తల ఎత్తకుండానే మొదటి ప్రశ్న అడిగింది.

"పంట ఎలా ఉందమ్మా?"

"బాగుంది" అంది నాన్నమ్మ.

రేడియో బాబాయి రెండు చేతులా తల పట్టుకున్నాడు.

"ఆగండి, రాయకండి!" అంది ఆమె వెంటనే. "అది నోటి అలవాటు. ఈ తాడు లోపలే బాగుంది. ఎందుకంటే ఐదు వారాలు నేను నీళ్లు పోశాను. రోజూ నాలుగుసార్లు. మీరొస్తారని ముస్తాబు చేశాను. తాడు బయట..." అని ఆగింది. నలభై ఏళ్లకు పైగా ఆసామికీ, బంధువులకూ, బస్సు డ్రైవరుకూ ఎవరికీ చెప్పని మాట. "తాడు బయట బాగాలేదు. ఏమీ బాగాలేదు."

మా ఊళ్లో అందరికీ ఆ మాట తెలుసు, ఆమె నోట ఎవరూ వినలేదు.

"నీళ్లు మోసింది నేను" అన్నాను, శిక్ష ఏదైనా ఉంటే సగం పంచుకుందామని.

మేడమ్ కళ్లద్దాలు తీసి టేపు సారు వైపు తిరిగింది. "మీరు నిబంధనలు చెప్పలేదా?"

"సారు చెప్పే ఉంటారు, నాకే చెవులు..." అని నాన్నమ్మ అందుకోబోయింది.

"లేదు మేడమ్" అన్నాడు టేపు సారు. "ఒకటే చెప్పాను. తప్పు నాదే."

మేడమ్ ఫోనులో నిబంధనలు తీసి చదివింది. కోతకు ముందే రైతు ఒప్పుకుంటే మడి రద్దవుతుంది. అదనపు జాబితాలోంచి ఇంకో పొలం తీస్తారు. కోశాక బయటపడితే ఊరినే పక్కన పెట్టేవారట. అయితే మడిలో చేయి పెట్టిన రైతుకు ఆ ఏడు బీమా రాదు, విత్తనమూ రాదు.

"అదేం న్యాయం మేడమ్!" బాబాయి అరిచాడు. "నిజం చెప్పిందనా శిక్ష?"

"నువ్వు ఆపరా కాసేపు" అంది నాన్నమ్మ. తర్వాత మేడమ్ వైపు తిరిగింది. "రాకపోతే పోయింది. ఎలాగూ కొడవలి తెచ్చారు, తక్కెడ తెచ్చారు. ఒక పని చేయండి. దీన్ని కోసి తూచండి. పక్కనే ఇంతే కొలిచి, దాన్ని కూడా కోసి తూచండి."

"రద్దయిన మడిని ఎందుకు తూచడం? దానికి ఫారంలో గడి లేదమ్మా."

"గడి లేకపోతే అంచున రాయండి. అంచు ఖాళీగానే ఉందిగా."

మేడమ్ ఆమె వంక కొంచెంసేపు చూసి, టేపు సారుకు తల ఊపింది. ఆయన మోకాలి నొప్పి మరిచి టేపు పరిచాడు. అందరం కలిసి కోశాం, ఒలిచాం. తాడు లోపలి కంకులు ఒలుస్తుంటే బొటనవేలు నొప్పి పుట్టింది. బయటివి ఒలవడానికి ఏమీ లేదు. పళ్లూడిన నోళ్లలాగా అక్కడో గింజ, ఇక్కడో గింజ. లోపల పద్నాలుగు కిలోలు. బయట నాలుగున్నర.

"చూశారు కదా" అంది నాన్నమ్మ. "నేల అదే, విత్తనం అదే, ముసలిదీ అదే. తేడా అంతా నా మనవరాలి సైకిలు. దిగువ కాలవలో నీళ్లు పోతూనే ఉన్నాయి. పంట పోయాక వచ్చి ఎంత పోయిందో కొలుస్తారు, మంచిదే. పోకుండా ఎంత నీళ్లు కావాలో కూడా ఒకసారి కొలవండి. కావాలంటే చెంబుల లెక్కన నేను చెబుతాను."

మేడమ్ కాగితం అంచున రెండు అంకెలూ రాసింది, కింద చిన్న అక్షరాలతో ఇంకేదో రాసింది. టేపు సారు తక్కెడ సర్దుతూ నాన్నమ్మతో, "నన్ను కాపాడబోయారు, అబద్ధం మీకు చేతకాదమ్మా" అన్నాడు. "నలభై ఏళ్లుగా ఒకటే ఆడాను నాయనా, రెండోది అలవాటు లేదు" అంది ఆమె.

అదనపు జాబితాలో వచ్చిన పొలంలో ఆరు కిలోలు తూగింది. మొత్తం ఇరవై ఏడు. ఊరు జాబితాకు ఎక్కింది. బాబాయి మళ్లీ ఇటుక బట్టీకి వెళ్లలేదు. కౌలు ఇంకో ఏడాదికి మాట్లాడుకుని, ఆ సంగతి ఊరంతటికీ రోజూ మూడు పూటలా వినిపించాడు.

విత్తనాల లారీ వచ్చిన రోజు గోదాము ముందు పెద్ద వరస. నాన్నమ్మ ఆ దారినే వెళ్లలేదు. సాయంత్రం బాబాయి ఒక బస్తా మోసుకొచ్చి మా గుమ్మంలో దించాడు. గురువారం సాక్షులుగా నిలబడిన వాళ్లంతా తలా కొంచెం పోశారట.

"ఎక్కువైంది పిన్నీ అందరికీ. నీ దగ్గర పెట్టుకో."

"విత్తనం ఎక్కడైనా ఎక్కువవుతుందా? వెధవ అబద్ధాలు." అని బస్తా మూతి విప్పింది. పిడికెడు తీసి చూసింది. తర్వాత ఏమనుకుందో, వంగి బస్తాను ఎత్తి గుమ్మం ముందు మొత్తం కుమ్మరించింది. పైవీ అడుగువీ చేత్తో కలుపుతూ చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎరుపు మందు పూసిన గింజలు, ఒక్క పుచ్చు లేదు.

"కాళ్లు కూడా కడుక్కున్నానా పిన్నీ?" అన్నాడు బాబాయి.

ఆమె నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, వంగి గింజలు ఎత్తుకుంటోంది. "ఒక్కటి పోకుండా ఎత్తవే" అని నా మీద అరిచింది.

మేడమ్ అంచున రాసిన దానికి ఆర్నెల్లకు ఉత్తరం వచ్చింది. కాలవ నుంచి నీళ్లెక్కించే విషయం పరిశీలనలో ఉందట. తాత సంతకం పెట్టిన అర్జీకి కూడా ఇదే మాట రాశారట. కానీ నాన్నమ్మ ఇప్పుడు పద్ధతి మార్చింది. ఆ రోజు తాడు లోపలి కంకి ఒకటి, బయటి కంకి ఒకటి దాచింది. నెలకోసారి బస్సెక్కి ఆఫీసుకు వెళ్తుంది. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి కూర్చుంటుంది. ఎవరైనా "ఎలా ఉన్నారమ్మా?" అంటే, "ఏది అడుగుతున్నారు? ఇదా, ఇదా?" అంటుందట. గుమాస్తాలకు ఆమెను చూస్తే గుండె దడ అని టేపు సారు చెప్పాడు.

ఈ మధ్య నిండు కంకికి పురుగు పట్టింది. గింజకో చిల్లు. పళ్లూడిన దానికి పట్టలేదు. దాంట్లో పురుగుకు కూడా తినడానికేమీ లేదు మరి. "ఇంకోటి కావాలే" అంది నాన్నమ్మ, సంచీలో వెతుకుతూ. తర్వాత నా సైకిలు వంక చూసింది.

నిన్న సాయంత్రం నుంచి పొలం నడుమ, ఎవరూ మేకులు కొట్టని చోట, పది మొక్కలకు నీళ్లు మోస్తున్నాను.